పాత నవల చదువుతుంటే పేజీకి ఏడెనిమిది మాటలు తెలియట్లేదు, మీరెట్లా నేర్చుకున్నారు?

కందుకూరు పిల్ల:

అందరికీ నమస్తే. మాది కందుకూరు పక్కన పల్లె. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022లో మమ్మల్ని నెల్లూరులో కలిపారు. మా అవ్వ పుట్టిందేమో 1970కి ముందు, అప్పుడూ కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేదంట, కాబట్టి 2022లో ఆమె ఇల్లు కదలకుండానే బయల్దేరిన చోటికి వచ్చి చేరింది. సరే, విషయం అది కాదు.

ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా నాది ఇంగ్లీషు మీడియం. ఇప్పుడు నెల్లూరులో అకౌంట్స్ ఉద్యోగం. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నాయన ట్రంకుపెట్టెలో మాలపల్లి కనపడింది, అట్ట ఊడిపోయి, అంచులు చెద కొట్టేసి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాశారని, 1922లో అచ్చయిందని, అప్పటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించిందని నాయన చెప్పేసరికి హుషారొచ్చి పట్టుకొచ్చా. కథ బాగా లాగుతోంది. భాష కూడా గ్రాంథికం కాదు, గుంటూరు వైపు పల్లెల్లో జనం మాట్లాడుకునేదే, మాకు పొరుగే. అయినా పేజీకి ఏడెనిమిది చోట్ల బండి ఆగిపోతోంది.

ఆగినప్పుడల్లా ఫోన్ తీసి వెతుకుతా. సగం మాటలు దొరకవు. దొరికితే 'ఒకానొక కొలత' అని ఉంటుంది. కొలత అని నాకూ అర్థమైంది సామీ, ఎంత కొలత అని కదా అడిగేది! చెట్టు పేరు వెతికితే 'వృక్షవిశేషము' అంటుంది.

నోట్‌బుక్కులో రాసుకుంటున్నా, 140 మాటలయ్యాయి. మొన్న ఆదివారం అర్థాలు చేత్తో మూసి నాకు నేనే పరీక్ష పెట్టుకుంటే 30 కూడా చెప్పలేకపోయా. మధ్యలో ఇంకో రెండు పాత నవలలు మొదలుపెట్టి వదిలేశా కాబట్టి మాటలన్నీ కలగాపులగం, ఏది ఎందులోదో నాకే గుర్తు లేదు. కొన్ని ఇక్కడ పెడుతున్నా: పాలేరు, కామందు, మూడంకణాల ఇల్లు, కుంచం, పుట్టి, పెందలకడ, నాలుగు గడియల పొద్దు, ఆసులో కండె, ఊరువల్లెలు, రాద్ధాంతం.

పాలేరు సంగతి చెప్తే నవ్వుతారు. మా వైపు పాలేరు అని ఏరుంది. 'పాలేరు వచ్చాడు' అని చదివి, 'వచ్చింది' అనుండాలి, అచ్చుతప్పు, వరద కాబోలు అనుకుని రెండు పేజీలు ముందుకు పోయా. వరద వచ్చినా ఎవరూ కంగారుపడట్లేదేంటా అని అప్పుడు అనుమానం వచ్చింది. తీరా చూస్తే పాలేరంటే జీతానికి పొలం పని చేసే మనిషి.

తెలియని ప్రతి మాట దగ్గరా ఆగాలా? ఏ నిఘంటువు చూడాలి? మర్చిపోకుండా ఏం చెయ్యాలి? దయచేసి 'చదువుతూ పో, అదే వస్తుంది' అని మాత్రం చెప్పొద్దు, రెండు నెలలైంది, రాలేదు.

ఒంగోలు మాస్టారు:

అమ్మాయీ, ముందు ఫోన్‌ని తిట్టడం ఆపు. మాట నిఘంటువులో ఉండే ఉంటుంది, నువ్వు కొట్టిన రూపంలో ఉండదు, చాలాసార్లు జరిగేది ఇదే. 34 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఈ ముక్క చెప్పని సంవత్సరం లేదు, విన్న పిల్లలు మాత్రం తక్కువ.

ఊరువల్లెలు తీసుకో. నువ్వు 'వల్లెలు' అని వెతికి ఉంటావు, అక్కడ పాఠం వల్లె వేయడం గురించి చెప్పి ఉంటుంది. అవి పల్లెలమ్మా. ఊరు, పల్లె జంటగా వచ్చేసరికి పల్లెలో ప కాస్తా వ అయింది. కూర, కాయ కలిస్తే కూరగాయలు, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కచటతపలకి గసడదవలు వస్తాయని హైస్కూల్లో బట్టీపట్టి, పరీక్షలో రాసేసి, గేటు బయట పారేసిన సూత్రం ఇదే. నిఘంటువులో మాట పట్టుకోవాలంటే అక్కరకొచ్చేది అదే మరి. గ దగ్గర దొరకకపోతే క దగ్గర చూడు, ద దగ్గర లేకపోతే త దగ్గర, వ దగ్గర లేకపోతే ప దగ్గర.

మాట చివర సున్న ఉంటే 'ము' పెట్టి వెతుకు, అంకణం బదులు అంకణము. క్రియ అయితే పోయినాడు, పోవలె, పోకున్నది ఏది కనపడినా 'పోవు' దగ్గరికి పో. పొద్దు దొరక్కపోతే ప్రొద్దు, మాను దొరక్కపోతే మ్రాను, ర వత్తు చేర్చి చూడు. పాత అచ్చులో అరసున్న కనపడితే తీసేసి కొట్టు. బండి ఱ ఉంటే రెండు రకాలుగానూ కొట్టి చూడు.

ఏ నిఘంటువు అంటావా, నీలాంటి ఇంగ్లీషు మీడియం పిల్లలకి బ్రౌన్ దొరది తేలిక. 1852 నాటిది, అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి, జనం నోట్లో మాటలు బాగా పట్టాడు. శబ్దరత్నాకరం 1885 నాటిది, కావ్యాలకి దానికి సాటి లేదు కానీ పాలేళ్ళు, కామందుల మధ్య నడిచే మాటలకి అంత ఉపయోగం ఉండదు. ఆంధ్రభారతి సైటులో ఇవీ ఇంకా బోలెడు నిఘంటువులూ ఒకేసారి వెతకొచ్చు. ఇక పొలం మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం, 1962. రైతుల నోట విని పోగుచేసిన మాటలు, ఏ ప్రాంతంలో ఏమంటారో కూడా ఉంటుంది. ఆయన పుట్టింది మా ఒంగోల్లోనే, ఆ సంగతి ఊళ్ళో పదిమందిని అడిగితే ఒక్కరు చెప్తే గొప్ప.

కామందు అంటే ఆసామి, భూమి గలవాడు. యజమాని అనే అర్థమున్న ఖావంద్ అనే పారసీ మాట మన నోళ్ళలో నలిగి అట్లా అయింది. పెందలకడ గురించి చెప్పను, మీ అవ్వ నిన్ను 'పెందలాడే లేవ్వే' అని ఎన్నిసార్లు లేపిందో గుర్తు తెచ్చుకో.

పెన్నా గట్టు:

అక్కా, మాది కోవూరు వైపు, వరి రైతులం. పుట్టి తెలియని మాటల లిస్టులో ఉండటం చూసి మా నాయనకి చదివి వినిపించా, ఆయన అన్నం తినడం ఆపి నవ్వాడు. మొన్న దళారితో మేం గొడవపడింది పుట్టి లెక్కలోనే! నెల్లూరు జిల్లాలో ఇప్పటికీ ధాన్యం రేటు పుట్టికే చెప్పుకుంటాం, పుట్టి అంటే 850 కిలోలు. క్వింటాకి ఇంత అని సర్కారు చెప్తే మా నాయన దాన్ని వేళ్ళ మీద పుట్టిలోకి మార్చుకుంటేగానీ బాగుందో బాగాలేదో చెప్పడు. నువ్వు నెల్లూరులో అకౌంట్స్ చేస్తూ పుట్టి తెలియదంటే ఎట్టక్కా.

పాత కొలత వరస మాత్రం మా తాత చెప్పినట్టు చెప్తా. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పేర్లు అన్నిచోట్లా ఇవే గానీ కుంచం సైజు ఊరికో రకంగా ఉండేది, అందుకని నవల్లో కుంచం అంటే ఇన్ని కిలోలు అని రాసేసుకోమాక.

అంకణం దగ్గర నేనూ పడ్డా. నెల్లూరులో స్థలం కొనేవాళ్ళకి అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు. అదే తిరుపతిలో 36 అడుగులే, అక్కడ ప్లాటు చూడబోయి మావాళ్ళు ఒకసారి భలే మోసపోబోయారు. ఈ లెక్క బుర్రలో పెట్టుకుని మూడంకణాల ఇల్లు అని చదివితే 216 అడుగులు, ఇది ఇల్లా కోళ్ళగూడా అనిపించింది నాకు. తాతని అడిగితే నోటితో చెప్పలా. పాత పెంకుటింట్లోకి తీసుకుపోయి పైకి చూడమన్నాడు. దూలం చూపించి, ఈ దూలం నుంచి ఆ దూలం దాకా ఒక అంకణం, ఆడనుంచి గోడ దాకా ఇంకోటి అని చేతికర్రతో లెక్కపెట్టాడు. ఇల్లు ఎంతుందో అడుగుల్లో చెప్పుకునేవాళ్ళు కాదంట, ఎన్ని అంకణాలు వేశామో చెప్పుకునేవాళ్ళంట. ఆ రోజు నుంచి పాత ఇల్లు ఏది చూసినా నా కళ్ళు ముందు దూలాల మీదికే పోతున్నాయి.

చీరాల మగ్గం:

మాది చీరాల, ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు, అయినా ప్రకాశం ముచ్చట్లలోకి నన్ను రానివ్వండి.

ఆసులో కండె. అటూ ఇటూ కుదురు లేకుండా తిరగడమని వాక్యం చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది, దానికి నిఘంటువు అక్కర్లేదు. కానీ మా అమ్మ ఆసు పోయడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. పడుగుకి నూలు సిద్ధం చేసేటప్పుడు పుల్లలు నాటిన చట్రం ఉంటుంది, అది ఆసు. కండెకి చుట్టిన దారాన్ని ఈ కొస పుల్లకి తగిలించి, ఆ కొస పుల్ల దాకా తీసుకుపోయి, చుట్టి, మళ్ళీ వెనక్కి. ఒక్కో పడుక్కి వందలసార్లు. అమ్మ సాయంత్రానికి పిక్కలు పట్టుకుని గడప మీద కూర్చునేది, వాకిలి దాటి పోయింది మాత్రం లేదు. నవల్లో ఒక ఇల్లాలు ఆసులో కండెలా తిరుగుతోందంటే నాకు ముందు ఆ పిక్కలే గుర్తొస్తాయి. కంగారుగా తిరగడం వేరు, ఇది వేరు.

మాస్టారు చెప్పిన పదకోశంలో చేనేతకి వేరే సంపుటం ఉంది, 1971లో వచ్చింది. అందులో మా మాటలు అచ్చులో చూసినప్పుడు మా నాన్న వేలు పెట్టి ఒక్కొక్కటే పైకి చదివాడు. ఒకటి రెండు చోట్ల 'మేం ఇట్లా అనం' అని గొణిగాడు కూడా.

పొదిలి డీఎస్సీ:

నేను తెలుగు పండిట్ పోస్టుకి చదువుతున్నా కాబట్టి నాకు మాటలు గుర్తుండటం అనేది సరదా కాదు, టెన్షన్. అక్కా, మీ నోట్‌బుక్కులో తప్పు ఏంటంటే ఎడమవైపు మాట, కుడివైపు అర్థం రాసి, రెండూ కలిపి చూసుకుంటున్నారు. చూసినప్పుడు తెలిసినట్టే ఉంటుంది, మూస్తే ఏమీ ఉండదు. నేను పాత పెళ్ళికార్డులు కత్తిరించి అట్టముక్కలు చేసుకున్నా. ముందువైపు నవల్లో వాక్యం మొత్తం రాసి ఆ మాట దగ్గర ఖాళీ వదిలేస్తా, వెనకవైపు మాట. వాక్యం చదివి మాట నేనే తెచ్చుకోవాలి. వస్తే మూడో రోజు మళ్ళీ చూస్తా, అప్పుడూ వస్తే వారానికి, ఆ తర్వాత నెలకి. రాకపోతే రేపటి కట్టలోకి. రోజుకి పది నిమిషాలు, అన్నం ఉడికేలోపు అయిపోతుంది.

ఇంకోటి చూసుకోండి. తెలియని మాట దగ్గర ఎట్లాగూ ఆగుతాం. తెలుసనుకున్న మాట దగ్గర ఆగం, కొంప మునిగేది అక్కడ. మీరు రాద్ధాంతం లిస్టులో పెట్టారంటే ఎక్కడో తేడా కొట్టిందన్నమాట, మంచిదే. ఇప్పుడు మనం 'ఇంత చిన్నదానికి ఎందుకంత రాద్ధాంతం' అంటాం, పాత పుస్తకాల్లో అది వాదించి తేల్చిన నిర్ణయం, సిద్ధాంతం లాంటిది. ముష్టి అంటే అసలు పిడికిలి, పిడికెడు బియ్యం వేస్తాం కాబట్టి భిక్షానికి ఆ పేరొచ్చింది. కావ్యాల్లో చీర అంటే ఉత్త బట్ట, మగవాళ్ళు కట్టుకున్నా చీరే. మా కోచింగ్‌లో ఒకతను చీర కట్టిన మునిని చూసి ఆడవేషం అనుకున్నాడు, నేను కాదులెండి.

రైల్లో చదివేవాడు:

అందరూ పెద్ద పెద్ద పద్ధతులు చెప్తున్నారు, నాది సోమరి పద్ధతి. సింగరాయకొండ నుంచి నెల్లూరుకి రోజూ రైలే, కిక్కిరిసిన పెట్టెలో నిలబడి నోట్‌బుక్కు తీయలేను, అట్టముక్కలు తీస్తే కింద పడతాయి. చేతిలో పుస్తకం, చెవి మీద పెన్సిలు, అంతే. తెలియని మాట కింద చుక్క పెట్టి ముందుకు పోతా. ఆ మాట మళ్ళీ వస్తే అక్కడ ఇంకో చుక్క. మూడోసారి కూడా వచ్చి అప్పటికీ అర్థం కాకపోతేనే ఇంటికొచ్చి వెతుకుతా. నూటికి డెబ్భై మాటలు మూడో చుక్క దాకా రావు, రెండోసారికే అర్థం తెలిసిపోతుంది, లేదా ఆ పుస్తకంలో మళ్ళీ కనపడవు. ఒక్కసారి కనపడి మాయమైపోయే మాట కోసం కథ ఆపేవాళ్ళంటే నాకు జాలి.

మీరు వద్దన్న మాటే చెప్తున్నానని తెలుసు, కానీ 140 మాటలు రాసిన రెండు నెలల్లో ఎన్ని పేజీలు చదివారో కూడా చెప్పండి.

గడియ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా. రోజుకి 60 గడియలు, ఒక్కోటి 24 నిమిషాలు. నాలుగు గడియల పొద్దెక్కింది అంటే సూర్యుడొచ్చి 96 నిమిషాలైంది, ఆరింటికి తెల్లవారితే ఏడూ ముప్ఫయ్యారు. ఆ టైముకి నేను కావలి దగ్గర చల్లారిపోయిన ఇడ్లీ తింటుంటా. నవల్లో ఎవరైనా నాలుగు గడియల పొద్దుకి నిద్ర లేచారంటే వాడు ఎంత బద్ధకస్తుడో ఇప్పుడు నాకు నిమిషాలతో సహా తెలుసు.

కందుకూరు పిల్ల:

రైలు అన్నా, రెండు నెలల్లో 90 పేజీలు. అడక్కుండా ఉండాల్సింది.

మాస్టారూ, 'పెందలాడే లేవ్వే' దగ్గర సిగ్గేసింది. పెందలకడ అని అచ్చులో చూసి ఏదో సంస్కృతం అనుకుని రాసుకున్నా, మా ఇంట్లో రోజూ వినే మాటని. అందుకని ఈ శని, ఆదివారాలు పుస్తకం, నోట్‌బుక్కు రెండూ పట్టుకుని ఊరికి పోయా, అవ్వ పక్కన కూర్చుని లిస్టు చదివా. 140లో 60 దాకా ఆమె టక్కున చెప్పేసింది. కొన్నిటికి 'ఇది కూడా తెలియదా' అన్న చూపు ఫ్రీ.

కుంచం అంటే ఎంత అవ్వా అని అడిగితే, "ఎంతేంది, కుంచమంత" అంది. తర్వాత నన్నే అటక ఎక్కించింది. పాత చింతపండు కుండల వెనక దొరికింది, అంచుకి ఇనప పట్టీ, లోపల ఒక చనిపోయిన బల్లి. కడిగి, ఎండబెట్టి, ఇత్తడి సోలతో బియ్యం పోయడం మొదలుపెట్టింది. ప్రతి సోలనీ అరచేత్తో అంచుకి సమంగా తుడిచి పోస్తోంది. "లాభం, రెండు, మూడు..." అని లెక్క. ఒకటి అనకుండా లాభం అంటోందని నాకు మూడో సోల దాకా తెలియలా, మర్చిపోయిందేమో అనుకుని మళ్ళీ మొదట్నుంచి పోయమన్నా. "గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరే" అని కసిరింది. పదహారు సోలలకి అంచు దాకా సరిగ్గా వచ్చింది, పెన్నా గట్టు తమ్ముడు చెప్పిన లెక్కే.

అప్పుడు అడక్కుండానే ఇంకో మాట చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళమ్మతో కోతకి పోయేదంట. సాయంత్రం కూలి గింజలు ఇట్లా చేత్తో తుడిచేసి పోసేవాళ్ళంట, తలగొట్టి కొలవడం అంటారు. అదే కామందు దగ్గర తెచ్చుకున్న గింజలు తిరిగిచ్చేటప్పుడు మాత్రం పైన గోపురం కట్టి జారిపోయేదాకా పోయించుకునేవాళ్ళంట. కుంచం అదే. అవ్వ గోపురం ఎంత ఉండేదో చూపించడానికి ఇంకో సోల పైన పోసింది, సగం నేల మీద పడింది, పడిన గింజలన్నీ ఏరి డబ్బాలో వేసేదాకా ఇంక మాట్లాడలా.

కూలి గింజల ప్రస్తావన వచ్చే పేజీలు నేను నెల కిందటే చదివేశా, పక్కన పెన్సిలుతో 'కుంచం: కొలత' అని రాసుకుని. నిన్న రాత్రి మళ్ళీ వెనక్కి పోయి చదివా.

లిస్టులో ఇంకా 80 ఉన్నాయి. అవ్వకీ తెలియనివి విడిగా పెడతా, మాస్టారు ఓపిక చేసుకోవాలి.

పెన్నా గట్టు:

అక్కా, మాకిప్పుడు కాటాలే, కుంచంతో కొలిచేవాళ్ళు లేరు. కానీ లారీకి బస్తాలు ఎక్కించేటప్పుడు మా నాయన ఇప్పటికీ లాభం అనే మొదలుపెడతాడు, కొత్తగా వచ్చిన హమాలీ ఒకడు ఒక బస్తా తగ్గిందని గొడవ కూడా చేశాడు. ఆ కుంచం ఫోటో పెట్టు, ఆయనకి చూపిస్తా.

ఒంగోలు మాస్టారు:

ఫోటోలో కుంచం పక్కన ఆ సోల కూడా పెట్టమ్మా. ఆ 80 మాటలూ రేపే పంపు, పెందలాడే లేస్తాను నేను.